బ్రాయిలర్ కోళ్లకు మాష్, క్రంబ్స్, పెల్లెట్: దాణా రూపంపై తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రాయిలర్ పెంపకంలో అయ్యే మొత్తం ఖర్చులో మూడింట రెండు వంతుల దాకా దాణాకే పోతుంది. అందుకే దాణాలో మాంసకృత్తులు ఎంత, శక్తి ఎంత అని రైతులు శ్రద్ధగా అడుగుతారు. అదే దాణా పొడిగా వచ్చిందా, గుళికగా వచ్చిందా, గుళికగా బయలుదేరినది ఫీడర్‌లోకి చేరేసరికి గుళికగానే మిగిలిందా అనే ప్రశ్నలు మాత్రం చాలా అరుదుగా వినిపిస్తాయి. కోడి పెరుగుదలలోనూ ఆరోగ్యంలోనూ ఈ రూపానికి ఉన్న పాత్ర చిన్నది కాదు కనుక, తరచుగా ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ వివరంగా జవాబులు ఇస్తున్నాము.

మాష్, క్రంబ్స్, పెల్లెట్ అన్నవి మూడు వేర్వేరు దాణాలా?

కావు. ఒకే ఫార్ములాతో మూడింటినీ తయారు చేయవచ్చు. మొక్కజొన్నను, సోయా చెక్కను హ్యామర్ మిల్లులో నూరి, ఖనిజ లవణాలు, విటమిన్లు, అమైనో ఆమ్లాలు, నూనె కలిపితే వచ్చేది మాష్. ఆ మాష్‌ను కండిషనర్‌లో ఆవిరితో సుమారు 80 నుంచి 85 డిగ్రీల వరకు వేడి చేసి, రోలర్లతో డై అనే అచ్చు రంధ్రాల గుండా ఒత్తి, ముక్కలుగా కోసి చల్లార్చితే పెల్లెట్ తయారవుతుంది. పెల్లెట్‌ను మళ్లీ రోలర్ల మధ్య చిదిపి, పొడిని జల్లించి తీసేస్తే మిగిలేది క్రంబ్స్. క్రంబ్స్ అంటే ముతకగా నూరిన మాష్ అని కొందరు అనుకుంటారు, అది సరికాదు. క్రంబ్స్‌లోని ప్రతి పలుకులోనూ అన్ని పోషకాలు కలిసి ఉంటాయి. మాష్‌లో మొక్కజొన్న పలుకు వేరు, సోయా రేణువు వేరు, విటమిన్ పొడి వేరు.

పెల్లెట్ తిన్న కోళ్లు ఎక్కువ బరువు రావడానికి అసలు కారణం ఏమిటి?

ప్రధాన కారణం కోడి తినే తీరులో ఉంది. కోడికి పళ్లు లేవు, మేతను ముక్కుతో ఏరుకుని మింగాలి. పొడిని ఏరుకోవడానికి ఎన్నోసార్లు పొడవాలి, ముక్కుకు అంటుకున్నదాన్ని కడుక్కోవడానికి పదే పదే నీటి దగ్గరకు వెళ్లాలి. గుళిక అయితే ఒక్కో పోటుకు ఎక్కువ మేత లోపలికి పోతుంది. 1962లో అమెరికాలో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ పరిశీలనలో, 12 గంటల పగటి సమయంలో మాష్ తినే కోడిపిల్లలు దాదాపు 14 శాతం కాలాన్ని మేత మేయడంలోనే గడిపితే, పెల్లెట్ తినేవి 5 శాతం లోపే గడిపాయి. మిగిలిన సమయమంతా కోడి పడుకుని విశ్రాంతి తీసుకుంటుంది. మేత కోసం కదలడానికి ఖర్చు కావలసిన శక్తి అలా మిగిలి మాంసంగా మారుతుంది.

2004లో ఓక్లహోమా పరిశోధకులు మెకిన్నీ, టీటర్ ఈ ఆదాను శక్తి లెక్కలోకి మార్చి చూపారు. ఏమాత్రం విరగని పెల్లెట్ వల్ల కోడికి కలిగే మేలు, కిలో దాణాకు 187 కిలో కేలరీలు అదనంగా కలిపినదానితో సమానమని వారి లెక్క. పిల్ల దశలో పెట్టే స్టార్టర్ దాణాలో కిలోకు ఉండే దాదాపు 3,100 కిలో కేలరీలతో పోల్చితే ఇది 6 శాతం. నూనె చుక్క అదనంగా పోయకుండా వచ్చే లాభం ఇది. పెల్లెట్లలో పొడి శాతం పెరిగేకొద్దీ ఈ లాభం తగ్గిపోతుందని కూడా అదే పరిశోధన చూపింది.

దీనికి మరో రెండు కారణాలు తోడవుతాయి. కోడికి పెద్ద పలుకులంటే ఇష్టం కాబట్టి, మాష్ పోసినప్పుడు మొక్కజొన్న పలుకులను ఏరుకుని తిని, విటమిన్లూ ఖనిజాలూ ఉన్న మెత్తని పొడిని ఫీడర్ అడుగున వదిలేస్తుంది. పెల్లెట్ విషయంలో ఏరుకునే అవకాశమే లేదు. రెండవది వృథా. లిట్టర్‌లో, అంటే షెడ్డు నేల మీద పరిచిన ఊకలో, పడిన పెల్లెట్‌ను కోడి మళ్లీ ఏరుకుని తినగలదు, ఊకలో కలిసిపోయిన మాష్ ఇక ఎవరికీ దక్కదు.

ఆవిరితో ఉడకడం వల్ల దాణా బాగా జీర్ణం కావడమే కారణమని విన్నాము. నిజమేనా?

కొంతవరకే నిజం. మామూలు పెల్లెట్ మిల్లులో దాణా వేడిలో ఉండేది కొద్దిసేపే, కలిసే తేమ కూడా పరిమితమే. అందువల్ల పిండిపదార్థంలో స్వల్ప భాగమే ఉడుకుతుంది. ఈ వాదానికి గట్టి జవాబు ఒక పాత ప్రయోగ పద్ధతిలోనే దొరుకుతుంది. తయారైన పెల్లెట్లను మళ్లీ పొడిగా నూరి కోళ్లకు పెట్టినప్పుడు, ఆవిరి, వేడి అన్నీ తగిలిన దాణాయే అయినప్పటికీ పెల్లెట్ ఇచ్చే అదనపు పెరుగుదలలో చాలా భాగం కనబడకుండా పోయింది. అంటే కోడికి మేలు చేసేది ప్రధానంగా గుళిక రూపమే. పొడిగా మారిన పెల్లెట్‌కు పెల్లెట్ ధర చెల్లించడం అర్థం లేని పని అని చెప్పడానికి ఇంతకన్నా ఆధారం అక్కరలేదు.

బస్తాలోనూ ఫీడర్‌లోనూ పొడి ఎక్కువగా ఉంటోంది. దాన్ని ఎలా కొలవాలి, ఎలా తగ్గించాలి?

ఫ్యాక్టరీలో పెల్లెట్ గట్టిదనాన్ని పీడీఐ అనే సూచికతో కొలుస్తారు. జల్లించిన 500 గ్రాముల పెల్లెట్లను ఒక పెట్టెలో వేసి, నిమిషానికి 50 చుట్ల వేగంతో 10 నిమిషాలు తిప్పి, మళ్లీ జల్లించి, విరగకుండా మిగిలినవి నూటికి ఎన్ని అని చూస్తారు. అయితే మిల్లు దగ్గర 90 చూపిన దాణా రైతు షెడ్డులో 60 కావచ్చు. లారీలో ఎక్కించడం, దించడం, బస్తాలు విసరడం, ఆటోమేటిక్ లైన్లలో స్క్రూ తిరగడం, ఇవన్నీ గుళికను అరగదీస్తాయి. కాబట్టి రైతు కొలవవలసిన చోటు ఫీడర్. షెడ్డు పొడవునా నాలుగైదు ఫీడర్ల నుంచి మొత్తం కిలో దాణా తీసుకుని, సుమారు ఒక మిల్లీమీటరు కన్నులున్న జల్లెడతో మెల్లగా జల్లించి, కింద పడిన పొడిని తూచండి. ప్రతి లోడుకూ ఇలా చేసి రాసి పెట్టుకుంటే, ఏ లోడు తర్వాత బరువులు తగ్గాయో నాలుగు బ్యాచ్‌లకే అర్థమవుతుంది.

మన దాణా మొక్కజొన్న, సోయా మీద ఆధారపడింది. గోధుమతో చేసిన పెల్లెట్‌కు జిగురు సహజంగా ఎక్కువ, యూరప్ దేశాల పెల్లెట్లు గట్టిగా ఉండడానికి అది ఒక కారణం. మొక్కజొన్న పెల్లెట్ అంత గట్టిగా నిలవదు. దానికి తోడు అమ్మకానికి ముందు దశలో పెట్టే ఫినిషర్ దాణాలో నూనె ఎక్కువ. ఆ నూనెనంతా మిక్సర్‌లోనే పోస్తే డైలో ఒరిపిడి తగ్గి గుళిక పిగిలిపోతుంది. అందుకే మంచి మిల్లులు మిక్సర్‌లో 2 శాతానికి మించకుండా నూనె కలిపి, మిగిలినదాన్ని పెల్లెట్ తయారయ్యాక పైన చల్లుతాయి. దాణా సరఫరా చేసేవారిని మీరు అడగదగిన ప్రశ్నల్లో ఇది ముఖ్యమైనది.

షెడ్డులో పాటించవలసినది ఒకటి ఉంది. ఫీడర్ అడుగున పొడి ఉండగానే దాని మీద కొత్త దాణా పోస్తూ పోతే, కోళ్లు పైనున్న పెల్లెట్లు తిని పొడిని వదిలేస్తాయి, రోజులు గడిచేకొద్దీ ఆ పొడి ముక్కిపోతుంది. రోజుకు ఒకసారైనా, చల్లని వేళలో, కోళ్లు ఫీడర్ ఖాళీ చేసేదాకా ఆగి ఆ తర్వాత పోయడం మంచిది. మామూలు రోజుల్లో ఫీడర్‌ను మరీ ఎక్కువసేపు ఖాళీగా ఉంచితే బలహీనమైన కోళ్లు వెనకబడతాయి.

ఏ వయసులో ఏ రూపం ఇవ్వాలి?

మొదటి 10 రోజులు 1.5 నుంచి 3 మిల్లీమీటర్ల పలుకు ఉన్న క్రంబ్స్ ఇవ్వాలి. పిల్ల ముక్కు అంతకన్నా పెద్దదాన్ని అందుకోలేదు, మరీ మెత్తని పొడి అయితే ముక్కుకు పట్టి తినడం మానుతుంది. ఆ తర్వాత సన్నని పెల్లెట్, సుమారు 18 రోజుల నుంచి అమ్మకం దాకా 3 నుంచి 4 మిల్లీమీటర్ల మందం గల పెల్లెట్ సరిపోతుంది. గుళిక పొడవు 8 మిల్లీమీటర్లు మించకుండా ఉంటే మేలు. పోషకాల విషయంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2007 నాటి ప్రమాణం ప్రీ స్టార్టర్‌కు 23, స్టార్టర్‌కు 22, ఫినిషర్‌కు 20 శాతం మాంసకృత్తులు, వరుసగా 3,000, 3,100, 3,200 కిలో కేలరీల శక్తి నిర్దేశించింది. రూపం మార్చినంత మాత్రాన ఈ అంకెలను తగ్గించకూడదు.

రూపం మార్చే రోజు జాగ్రత్త అవసరం. నిన్నటిదాకా క్రంబ్స్ తిన్న పిల్లలకు ఉదయాన్నే పూర్తిగా పెల్లెట్ పోస్తే, చిన్న పిల్లలు ఒక పూట పస్తుంటాయి. రెండు రోజుల పాటు రెండింటినీ కలిపి పోయాలి. బ్యాచ్‌లో పిల్లలు చిన్నా పెద్దా తేడాతో ఉంటే మరో రోజు అదనంగా క్రంబ్స్ కొనసాగించడంలో తప్పు లేదు. వయసు లెక్క కన్నా పిల్ల ముక్కు పరిమాణమే ఇక్కడ కొలత.

పెల్లెట్ వల్ల కందనకాయ చిన్నదవుతుందని అంటారు. దానివల్ల ఆరోగ్యానికి నష్టమా?

ఈ ప్రశ్నకు దక్కవలసినంత శ్రద్ధ దక్కడం లేదని నా అభిప్రాయం. కందనకాయ కోడికి తిరగలి వంటిది. ముతక పలుకులు వచ్చినప్పుడు దాని కండరాలు గట్టిగా పని చేసి బలపడతాయి. బాగా మెత్తగా నూరిన పిండితో చేసిన పెల్లెట్ లోపలికి వెళ్లగానే తడిసి విడిపోతుంది, నూరడానికి అక్కడ ఏమీ మిగలదు. పని లేని కందనకాయ చిన్నగా, పలుచగా తయారవుతుంది, దాని ముందుండే జఠరం కొన్నిసార్లు ఉబ్బి సాగిపోతుంది. మేత అక్కడ ఎక్కువసేపు ఆగకుండా చిన్నపేగులోకి జారిపోతుంది.

దీని ప్రభావం జీర్ణక్రియతో ఆగదు. కందనకాయలో మేత ఎంతసేపు ఆగితే అంతగా ఆమ్లంతో కలుస్తుంది. ఆ ఆమ్లం మేతతో పాటు వచ్చిన హానికర సూక్ష్మజీవులకు తొలి అడ్డుగోడ. కందనకాయ బాగా పని చేసే కోడిలో మేత మళ్లీ మళ్లీ వెనక్కి ముందుకు కదులుతూ, పిత్తరసంతోనూ ఎంజైములతోనూ బాగా కలిసి, పోషకాలు పేగు పై భాగంలోనే చాలావరకు ఇంకిపోతాయి. అలా ఇంకని మాంసకృత్తులు దిగువ పేగుకు చేరితే, అక్కడి క్లోస్ట్రీడియం వంటి బాక్టీరియాకు ఆహారమవుతాయి. తడి రెట్ట, ముద్ద కట్టిన లిట్టర్, పాదాల పుండ్లు వరుసగా వస్తాయి. రెట్టలో అరగని దాణా కనబడినప్పుడు వెంటనే మందు కోసం పరుగెత్తకముందు, చనిపోయిన కోడిని పశువైద్యుడితో కోయించినప్పుడు కందనకాయ పరిమాణాన్ని కూడా చూపించమని అడగండి.

పరిష్కారం పెల్లెట్ మానేయడం కాదు, పెల్లెట్‌లో కొంత ముతకదనం నిలపడం. మొక్కజొన్నను మరీ మెత్తగా నూరకుండా పెల్లెట్ చేయడం ఒక మార్గం, అయితే ముతక ఎక్కువైతే గుళిక బలహీనపడుతుంది కనుక మిల్లువారు రెండింటి మధ్య తూకం చూసుకోవాలి. ఉత్తర యూరప్ దేశాల్లో పెల్లెట్‌తో పాటు గోధుమ గింజలను నూరకుండా అలాగే కలిపి పెట్టే పద్ధతి ఎంతోకాలంగా ఉంది. ఓట్ల పొట్టు వంటి గట్టి పీచును కొద్ది శాతం కలిపినా కందనకాయ పెరుగుతుందని ప్రయోగాలు చూపాయి. మన దగ్గర అదే సూత్రంతో 10 రోజులు దాటిన కోళ్లకు పగలగొట్టిన మొక్కజొన్నను కొంచెం కలపవచ్చు. కలిపిన మేర మాంసకృత్తుల శాతం పడిపోతుంది కాబట్టి, ఫార్ములా సరిచేయకుండా ఎవరికి వారు బస్తాలో మొక్కజొన్న కలిపేయడం మాత్రం నష్టమే తెస్తుంది.

పొట్టలో నీరు చేరడం, హఠాత్తుగా తిరగబడి చనిపోవడం పెల్లెట్ వల్లనేనా?

పెల్లెట్ స్వయంగా రోగ కారణం కాదు. అయితే త్వరగా పెరిగే కోడికి ప్రాణవాయువు అవసరం ఎక్కువ. గుండె, ఊపిరితిత్తులు ఆ వేగాన్ని అందుకోలేనప్పుడు పొట్టలో నీరు చేరుతుంది. బాగా బలిసిన మగ కోళ్లు ఉన్నట్టుండి రెక్కలు కొట్టుకుని వెల్లకిలా పడి చనిపోవడం కూడా వేగమైన పెరుగుదలతో ముడిపడినదే. ఒకే ఫార్ములాను మాష్‌గా పెట్టినప్పుడు ఈ రెండు మరణాలూ తక్కువగా ఉంటాయన్నది ఎన్నోసార్లు రుజువైన విషయం.

చలికాలపు రాత్రులలో ఈ సమస్య మన షెడ్లలో ఎక్కువ కావడానికి మరో కారణం పరదాలు. వెచ్చదనం కోసం పరదాలను పూర్తిగా మూసేస్తే అమ్మోనియా పేరుకుని, గాలి ఆడక, కోళ్ల ఊపిరితిత్తుల మీద భారం పడుతుంది. పరదా పై భాగాన గాలి పోయే సందు ఎప్పుడూ ఉండాలి. ఆ తర్వాత కూడా మరణాలు కనిపిస్తే, రెండవ, మూడవ వారాల్లో మాష్ ఇవ్వడం ద్వారా గానీ, మేత గంటలను తగ్గించడం ద్వారా గానీ పెరుగుదలను కొద్దిగా నెమ్మదింపజేయవచ్చు. అప్పుడు వెనకబడిన బరువును కోళ్లు చివరి వారాల్లో చాలావరకు పూడ్చుకుంటాయి. కాళ్ల బలహీనతకూ ఇదే జాగ్రత్త ఉపకరిస్తుంది.

సొంతంగా దాణా కలుపుకునే చిన్న రైతులం. మాష్‌తో గిట్టుబాటు కాదా?

అవుతుంది, కాని మాష్‌ను మాష్‌గా జాగ్రత్తగా చేయాలి. మొక్కజొన్న ఆధారిత మాష్‌లో రేణువుల సగటు పరిమాణం 600 నుంచి 900 మైక్రాన్ల మధ్య ఉంటే కోడికి అనువుగా ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. పిండి మిల్లులో నూరినట్టు మెత్తగా చేయడం బ్రాయిలర్‌కు ఎంతమాత్రం పనికిరాదు. రేణువులన్నీ దాదాపు ఒకే పరిమాణంలో ఉండడం కూడా అంతే ముఖ్యం, అలా ఉంటే కోడి ఏరుకోదు. హ్యామర్లు అరిగిపోయినా, జల్లెడకు చిల్లులు పడినా ఈ సమానత్వం పోతుంది. కొద్దిగా నూనె కలిపితే దుమ్ము తగ్గి విటమిన్ పొడి పలుకులకు అంటుకుంటుంది.

లెక్క కూడా వేసుకోండి. పెల్లెట్ వల్ల ఎఫ్‌సీఆర్, అంటే కిలో బరువు పెరగడానికి కోడి తినే దాణా కిలోలు, 1.70 నుంచి 1.60కి తగ్గిందనుకుంటే, 2 కిలోల కోడికి 200 గ్రాముల దాణా మిగులుతుంది. 5,000 కోళ్ల షెడ్డులో అది టన్ను దాణా, అంటే 50 కిలోల బస్తాలు 20. ఆ 20 బస్తాల విలువ, పెల్లెట్‌కు మీరు అదనంగా చెల్లించే మొత్తం కన్నా ఎక్కువా తక్కువా అన్నదే నిర్ణయం. కనీసం మొదటి 10 రోజులకైనా బయట నుంచి మంచి క్రంబ్స్ కొని, తర్వాత సొంత మాష్‌కు మారడం చాలామందికి సరిపడే మధ్యేమార్గం.

వేడికి విటమిన్లు, ఎంజైములు నశించవా? బూజు విషం పోతుందా?

కండిషనర్ వేడి 85 డిగ్రీలు దాటేకొద్దీ ఫైటేజ్ వంటి ఎంజైములు, కొన్ని విటమిన్లు దెబ్బతింటాయి. వేడిని తట్టుకునే పూత ఉన్నవి వాడటం, లేదా పెల్లెట్ చల్లారాక ద్రవరూప ఎంజైమును చల్లడం దీనికి విరుగుడు. అదే వేడి సాల్మొనెల్లా వంటి బాక్టీరియాను బాగా తగ్గిస్తుంది, అయితే కూలర్‌లోనో గోదాములోనో ఎలుకలు, పక్షుల ద్వారా అది మళ్లీ చేరవచ్చు.

అఫ్లటాక్సిన్ అనే బూజు విషం విషయంలో మాత్రం ఎవరూ భ్రమపడకూడదు. పెల్లెట్ వేడి బూజును చంపుతుంది గాని, బూజు అప్పటికే విడిచిన విషాన్ని పోగొట్టదు. నల్లబడిన, పుచ్చిన మొక్కజొన్నను పెల్లెట్ చేస్తే కంటికి కనబడకుండా దాక్కుంటుంది, అంతే.

ఎండాకాలంలో ఏ రూపం మేలు?

మంచి పెల్లెట్ మేలు. 40 డిగ్రీలు దాటిన మే నెల ఎండలో కోడి మేయడం వల్ల ఒంట్లో పుట్టే వేడి అదనపు భారం. ఉదయం 10 గంటల నుంచి సాయంత్రం 4 గంటల దాకా ఫీడర్లు ఎత్తివేసి, తెల్లవారుజామునా రాత్రి చల్లబడ్డాకా మేత ఇచ్చే పద్ధతి మన ప్రాంతంలో అలవాటైనదే. పెల్లెట్‌ను కోడి తక్కువ సమయంలో తినగలదు కనుక ఆ కొద్ది చల్లని గంటల్లోనే తన మేతను పూర్తి చేసుకుంటుంది, మాష్‌తో అది కష్టం. ఫీడర్లు దించగానే కోళ్లన్నీ ఒక్కసారిగా ఎగబడి గీరుకోకుండా, ఫీడర్ల సంఖ్య సరిపడా ఉండాలి. మాష్‌ను నీటితో తడిపి పెడితే కోళ్లు ఆబగా తింటాయి, కాని ఆ ఎండకు గంటల్లోనే పులిసి బూజు పడుతుంది. వేల కోళ్ల షెడ్డులో ఆ పద్ధతిని నేను సిఫారసు చేయను.

వర్షాకాలంలో పెల్లెట్ ఎలా నిల్వ చేయాలి?

బస్తాలను నేల మీద కాకుండా చెక్క బల్లలపై, గోడకు అడుగు దూరంలో పేర్చాలి. ముందు వచ్చినవి ముందు వాడాలి, రెండు మూడు వారాలకు మించి దాచకూడదు. బస్తా దించగానే చేయి లోపల పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే పెల్లెట్ పూర్తిగా చల్లారకుండానే నింపారని అర్థం. ఆ వెచ్చదనం బస్తాలో చెమటగా మారి గుళికను మెత్తబరుస్తుంది, బూజుకు దారి తీస్తుంది. అటువంటి లోడును ఆ రోజే ఫిర్యాదు చేయాలి.

కాంట్రాక్టు పద్ధతిలో దాణా కంపెనీయే పంపుతుంది. మా చేతిలో ఏముంది?

రూపాన్ని ఎంచుకోవడం మీ చేతిలో లేకపోయినా, పెంపకం కూలి ఎఫ్‌సీఆర్‌పై ఆధారపడినంత కాలం నాణ్యత లేని గుళిక నష్టం మీకూ తగులుతుంది. అందుకే లోడు వచ్చిన రోజునే జల్లెడ పరీక్ష చేసి, తేదీ, బస్తా చీటీ సంఖ్యతో పాటు ఫొటో తీసి సూపర్‌వైజర్‌కు పంపడం అలవాటు చేసుకోండి. ఫీడర్ అంచు కోడి వీపు ఎత్తుకు ఉండేలా వారానికి రెండుసార్లు సరిచేయడం, ఫీడర్‌ను సగానికి మించి నింపకపోవడం, నీటి లైన్లను శుభ్రంగా ఉంచడం పూర్తిగా మీ చేతిలో ఉన్న పనులే. కోడి తిన్న మేతకు దాదాపు రెట్టింపు నీరు తాగుతుంది, ఎండల్లో ఇంకా ఎక్కువ. పెల్లెట్ ఎంత మంచిదైనా కోళ్లు నీరు తాగే నిపుల్ నుంచి నీరు సరిగా రాకపోతే కోడి మేత తగ్గించేస్తుంది.

వనరాజ, గ్రామప్రియ వంటి పెరటి కోళ్లకూ పెల్లెట్ అవసరమా?

లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం రూపొందించిన ఈ రకాలు తిరిగి మేసే జీవనానికి అనువైనవి. పిల్లలను సంరక్షించే బ్రూడింగ్ దశలో మాత్రం, అంటే తొలి ఆరు వారాలు, క్రంబ్స్ లేదా మంచి మాష్ ఇవ్వాలి. ఆ తర్వాత పురుగులు, ఆకులు, గింజలు ఏరుకునే కోడికి సాయంత్రం నూకలు, పగలగొట్టిన మొక్కజొన్న, కొంత తవుడు, చెక్క చాలు. బ్రాయిలర్ ఫినిషర్ పెల్లెట్ పెడితే అవి కొవ్వు పట్టి, గుడ్లు తగ్గుతాయి.